జాకీ ప్రాణం సీలులో ఉంది

వాహనం చక్రం విప్పేందుకో, అడుగు భాగాన్ని పరిశీలించేందుకో దాన్ని ఒక పక్కకు ఎత్తిపట్టే పరికరాన్ని తెలుగునాట అందరూ జాకీ అనే పిలుస్తారు. అందులో లారీ ఇరుసు కింద నిటారుగా నిలబెట్టే సీసా ఆకారపు రకాన్ని బాటిల్ జాకీ అనీ, నాలుగు చక్రాల మీద నేలపై దొర్లుతూ, పొడవాటి హ్యాండిల్‌ను పైకీ కిందికీ ఆడించిన కొద్దీ ముందున్న ఇనుప చేతిని మెల్లగా లేపే రకాన్ని ట్రాలీ జాకీ అనీ మెకానిక్కులు అంటారు. రెండింటి లోపలా బరువును ఎత్తే పని నూనెదే కనుక రెండూ హైడ్రాలిక్ జాకీలే. టైర్ల దుకాణాల్లోనూ కార్ల షెడ్లలోనూ ఏళ్ల తరబడి వాడిన ట్రాలీ జాకీ ఒకనాడు బరువెత్తడం మానేసినా, ఎత్తిన బరువును నిలపలేక కుంగిపోయినా, అది మొదట షెడ్డు మూలకూ అక్కడి నుంచి పాత ఇనుము కొట్టుకూ చేరుతుంది. కాటా మీద అది ఉత్త ఇనుమే. విప్పి చూసినవారికి మాత్రం అందులో నిజంగా చెడిపోయింది చాలాసార్లు గుప్పెట్లో ఇమిడే రబ్బరు వలయాలూ, మురికి పట్టిన రెండు ఉక్కు గుండ్లూ మాత్రమేనని తెలుస్తుంది. ఆ కొద్దిపాటి భాగాలను మార్చి జాకీని మళ్లీ పనికి తేవడం ఇంటి దగ్గర సాధ్యమయ్యే పనే. అయితే మనిషి ప్రాణం ఆధారపడే పరికరం కాబట్టి, దానిలో ఏది బాగు చేయవచ్చో తెలుసుకోవడం ఎంత అవసరమో, ఏది తాకకూడదో తెలుసుకోవడం అంతకంటే అవసరం.

ఉత్తరాంధ్రలో ఈ పనికి అనువైన నేపథ్యం ఉంది. కోల్‌కతా, చెన్నై నగరాలను కలిపే 16వ నంబరు జాతీయ రహదారి, పాత లెక్కలో 5వ నంబరుది, ఇచ్ఛాపురం దగ్గర రాష్ట్రంలో అడుగుపెట్టి పలాస, టెక్కలి, నరసన్నపేట, శ్రీకాకుళం, రణస్థలం మీదుగా భోగాపురం వైపు సాగుతుంది. నాతవలస దగ్గర దాని నుంచి చీలే 26వ నంబరు రహదారి విజయనగరం, సాలూరు దాటి, సుంకి ఘాట్ మలుపులెక్కి కొరాపుట్ చేరుతుంది. ఈ ఘాట్ రోడ్డు పాదాన, వేగావతి నది ఒడ్డున ఉన్న సాలూరు లారీలకు పేరుపడ్డ పట్టణం. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలో చేరేదాకా విజయనగరం జిల్లాలో భాగంగా ఉన్న ఈ ఊళ్లో లారీ యజమానులు, డ్రైవర్లు, బాడీ కట్టేవారు, మెకానిక్కులు, టైర్ల పనివారు ఒకరి మీద ఒకరు ఆధారపడి బతుకుతారు. లారీలూ బస్సులూ ఇంతగా తిరిగే చోట వాడిన జాకీలకు కొదవ ఉండదు. వాటిని విప్పి బిగించే చేతులకూ కొదవ ఉండదు. పుస్తకం చదవకుండా, పెద్ద మెకానిక్ పక్కన పానాలు అందిస్తూ చూసి నేర్చుకున్న ఆ విద్యను కాగితం మీద పెట్టే ప్రయత్నం తెలుగులో ఎక్కువగా జరగలేదు; జరగవలసిన పని అది.

ఈ ప్రాంతపు గాలి మాత్రం ఇనుముకు శత్రువు. ఒక్క శ్రీకాకుళం జిల్లాకే సుమారు 193 కిలోమీటర్ల సముద్ర తీరం ఉంది. ఉప్పు తేమ కలిసిన గాలి తీరానికి దూరంగా ఉన్న ఊళ్లలోనూ ఇనుము మీద పని చేస్తూనే ఉంటుంది. దానికి తోడు 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ వంటి తుపాన్లు ఈ తీరాన్నే తాకాయి. తుపాను వాన షెడ్డులోకి చేరి జాకీ నీటిలో నానితే, నూనె పోసే రంధ్రపు బిరడా సందుల్లోంచి నీరు లోపలి తొట్టిలోకి దిగుతుంది. నూనె కంటే నీరు బరువు కనుక అది అడుగున చేరి, పిస్టన్లు ఆడే సిలిండర్ల గోడలను తుప్పు పట్టిస్తుంది. పైన రంగు నిగనిగలాడుతున్న జాకీ లోపల గుల్లై ఉండవచ్చు. పైన తుప్పు రాలుతున్న జాకీ లోపల చక్కగా ఉండవచ్చు. కొనేవారు రంగును చూసి మోసపోవడం, తుప్పును చూసి భయపడడం రెండూ పొరపాట్లే.

జాకీ ఎలా పని చేస్తుందో తెలియకుండా దాన్ని విప్పడం వృథా కాబట్టి ముందుగా ఆ సంగతి చూడాలి. మూసి ఉన్న పాత్రలోని ద్రవం మీద ఒకచోట ఒత్తిడి కలిగిస్తే ఆ ఒత్తిడి ద్రవమంతటా సమానంగా వ్యాపిస్తుందని ఫ్రెంచి శాస్త్రవేత్త బ్లేజ్ పాస్కల్ 17వ శతాబ్దంలో వివరించాడు. ద్రవాల సమతాస్థితి గురించి ఆయన రాసిన గ్రంథం ఆయన మరణించిన మరుసటి ఏడాది, 1663లో అచ్చయింది. జాకీలో చిన్న పిస్టన్ ఒకటి, పెద్ద పిస్టన్ ఒకటి ఉంటాయి. హ్యాండిల్ కదిలించేది చిన్నదాన్ని. ఇనుప చేతిని నెట్టేది పెద్దది, దీన్నే మెకానిక్కులు రామ్ అంటారు. ఉదాహరణకు చిన్న పిస్టన్ వ్యాసం 10 మిల్లీమీటర్లు, పెద్దదాని వ్యాసం 40 మిల్లీమీటర్లు అనుకుంటే, వ్యాసం నాలుగు రెట్లయినందున దాని ముఖ వైశాల్యం 16 రెట్లవుతుంది. పొడవాటి హ్యాండిల్ మీటగా పనిచేసి చేతి బలాన్ని 20 రెట్లు చేస్తుందనుకుంటే, మనిషి 10 కిలోల బలంతో నొక్కినప్పుడు చిన్న పిస్టన్ మీద 200 కిలోలు, పెద్ద పిస్టన్ మీద 3,200 కిలోలు పడతాయి. ట్రాలీ జాకీలో పెద్ద పిస్టన్ అడ్డంగా పడుకుని చేతి మొదలును నెడుతుంది, బరువు ఆ చేతి కొనన ఉంటుంది కనుక అక్కడ కొంత బలం తగ్గుతుంది. మూడో వంతే మిగిలిందనుకున్నా వెయ్యి కిలోలకు పైగా బరువు లేస్తుంది. ఇదంతా ఊరికే రాదు. పెద్ద పిస్టన్ ఒక మిల్లీమీటరు జరగాలంటే చిన్నది 16 మిల్లీమీటర్లు జరగాలి, అందుకే హ్యాండిల్‌ను అన్నిసార్లు ఆడించాలి.

ఈ లెక్కలో పాఠకులు గమనించవలసిన మరో అంకె ఉంది. 10 మిల్లీమీటర్ల పిస్టన్ మీద 200 కిలోలు పడ్డప్పుడు లోపలి నూనె ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 250 కిలోలు దాటుతుంది. కారు టైరులో గాలి ఒత్తిడి అదే కొలతలో సుమారు రెండు కిలోలు. అంటే జాకీలో నూనె అంతకు నూరు రెట్లకు పైగా ఒత్తిడితో బయటికి దారి వెతుకుతూ ఉంటుంది. దాన్ని ఆపేది పిస్టన్‌కూ సిలిండర్‌కూ మధ్య ఉన్న సీలు. పాస్కల్ సూత్రం తెలిసిన వంద సంవత్సరాల తర్వాత కూడా దాన్ని యంత్రంగా మలచడం కష్టమైంది ఈ సీలు దగ్గరే. ఇంగ్లండులో తాళాల తయారీకి పేరుపొందిన జోసెఫ్ బ్రామా 1795లో నీటి ఒత్తిడితో పనిచేసే ప్రెస్సుకు పేటెంటు పొందాడు కానీ, పిస్టన్ చుట్టూ నీరు కారిపోకుండా, అదే సమయంలో పిస్టన్ బిగుసుకుపోకుండా చేయడం పెద్ద సమస్య అయింది. దానికి పరిష్కారంగా, అంచు వంచిన తోలు వలయాన్ని సూచించింది ఆయన దగ్గర పనిచేసిన హెన్రీ మాడ్స్‌లే అని యంత్ర చరిత్రకారులు చెబుతారు. నీటి ఒత్తిడి ఆ వంపులోకి చేరి అంచును గోడకు అదుముతుంది. ఒత్తిడి పెరిగిన కొద్దీ పట్టు పెరుగుతుంది, ఒత్తిడి పోగానే అంచు వదులై పిస్టన్ సాఫీగా వెనక్కు వస్తుంది. సైకిల్ పంపులోని తోలు వాషర్ ఎండిపోయి గాలి కొట్టనప్పుడు దానికి రెండు చుక్కల నూనె పట్టించి అంచును వేలితో విప్పార్చిన ప్రతి ఒక్కరికీ ఈ సూత్రం అనుభవంలో ఉన్నదే. 1851లో న్యూయార్కుకు చెందిన రిచర్డ్ డడ్జన్ చేతితో మోసుకెళ్లగల హైడ్రాలిక్ జాకీకి పేటెంటు తీసుకున్నాడు. తోలు స్థానంలో నూనెకు కరగని నైట్రైల్ రబ్బరు, పాలీయురేథేన్ వచ్చాయి తప్ప, సాలూరు షెడ్డులో నేడున్న జాకీ సీలు చేసే పని ఆ తోలు వలయం చేసిన పనే.

నూనె ఒకే దిశలో నడవడానికి జాకీ దిమ్మలో రెండు ద్వారాలు ఉంటాయి, ఒక్కో ద్వారాన్ని ఒక్కో ఉక్కు గుండు మూస్తుంది. సైకిల్ చక్రపు బేరింగులో ఉండే గుండ్ల లాంటివే ఇవి. హ్యాండిల్ పైకెత్తినప్పుడు మొదటి గుండు లేచి తొట్టిలోని నూనె చిన్న పిస్టన్ కిందికి వస్తుంది. కిందికి నొక్కినప్పుడు అది మూసుకుని, రెండో గుండు లేచి, నూనె పెద్ద పిస్టన్ వెనక్కు పోతుంది. మూడో దారి రిలీజ్ వాల్వు. హ్యాండిల్‌ను తిప్పి దీన్ని వదులు చేస్తే పెద్ద పిస్టన్ వెనకున్న నూనె తిరిగి తొట్టిలోకి జారి బండి దిగుతుంది. వీటికి తోడు, పరిమితికి మించిన బరువు పడితే నూనెను దారి మళ్లించి జాకీ ఎత్తకుండా ఆపే రక్షణ వాల్వు ఒకటి స్ప్రింగుతో, స్క్రూతో కూడి ఉంటుంది. ఆ స్క్రూను ఫ్యాక్టరీలో కొలిచి బిగించి మూత వేస్తారు. దాన్ని ఇంకాస్త బిగిస్తే జాకీ ఎక్కువ బరువెత్తుతుందన్నది నిజమే. ఏ ఇనుము ఎప్పుడు విరుగుతుందో తెలియని స్థితి వస్తుందన్నదీ నిజమే. ఇంట్లో బాగుచేసే వారు ఆ స్క్రూ జోలికి పోరాదు.

పాత జాకీని ఇంటికి తెచ్చుకునే ముందే కొన్నింటిని చూసి వదిలేయాలి. రెండు పక్కల ఇనుప పలకలు మెలి తిరిగి ఉంటే, బరువెత్తే చేయి వంగి ఉంటే, పిన్ను దూరే రంధ్రాలు అరిగి కోడిగుడ్డు ఆకారానికి వచ్చి ఉంటే, ఎక్కడైనా వెల్డింగు అతుకులు కనిపిస్తే ఆ జాకీ కాటాకే తగును. విరిగిన చేతిని వెల్డింగు చేయించి వాడడం మన షెడ్లలో కనిపించే అలవాటు. ఆ ఉక్కుకు ఏ గుణం ఉందో, వేడికి అది ఎలా మారుతుందో తెలియకుండా చేసిన అతుకు, బండి కింద మనిషి ఉన్నప్పుడే విడిపోవచ్చు. పగుళ్లు మురికి కింద దాగుతాయి కనుక, పిన్నుల చుట్టూ డీజిలుతో కడిగి, ఆరనిచ్చి, వెలుతురులో చూడాలి. ఎన్ని టన్నులు మోస్తుందో తెలిపే రేకు పోయిన జాకీని దాని పరిమాణం చూసి అంచనా కట్టడం కంటే వదులుకోవడమే మంచిది.

శరీరం గట్టిదని తేలాక రోగం ఎక్కడుందో విప్పకుండానే చాలావరకు గుర్తించవచ్చు. హ్యాండిల్ ఆడిస్తే మెత్తగా, స్పాంజిని నొక్కినట్లు ఉండి చేయి కొద్దిగా లేచి ఆగిపోతే నూనెలో గాలి చేరిందని అర్థం. మెత్తదనం లేకుండా కొంత ఎత్తు దాకా బాగా లేచి ఆగిపోతే తొట్టిలో నూనె చాలలేదు. బరువు ఎత్తి, వదిలేసిన కాసేపటికి దానంతటదే కుంగుతుంటే, బయట చుక్క నూనె కూడా కారకుండా ఉంటే, రిలీజ్ వాల్వు సరిగా కూర్చోవడం లేదు లేదా రెండో గుండు కింద మురికి చేరింది. బరువు కింద ఉండగా హ్యాండిల్ తనంతట తాను పైకి లేస్తే తప్పు రెండో గుండుదేనని దాదాపు నిర్ధారణగా చెప్పవచ్చు, ఎందుకంటే పెద్ద పిస్టన్ వెనక ఉన్న ఒత్తిడి ఆ సందులోంచి వచ్చి చిన్న పిస్టన్‌ను బయటికి తోస్తోంది. పెద్ద పిస్టన్ చుట్టూ నూనె తడి కనిపిస్తే దాని సీలు, హ్యాండిల్ మొదట కారితే చిన్న పిస్టన్ సీలు, రిలీజ్ వాల్వు దగ్గర చెమరిస్తే అక్కడి ఓ-రింగు పోయాయి. గుండ్రని తీగలా ఉండే రబ్బరు వలయాన్ని ఓ-రింగు అంటారు. ఈ పరీక్షలన్నీ ఎత్తిన బరువు కింద ఇనుప స్టాండ్లు పెట్టాకే చేయాలి. బరువు ఉన్నప్పుడు కారే చోటును వేలితో తడిమి చూడరాదు, ఆ ఒత్తిడితో వచ్చే సన్నని నూనె ధార చర్మంలోకి దూరిపోతుంది, పైకి సూది గుచ్చినంతగా కనిపించే ఆ గాయానికి కొన్నిసార్లు శస్త్రచికిత్స అవసరమవుతుంది.

విప్పే పనికి సిమెంటు గచ్చు, మంచి వెలుతురు, అంచున్న పళ్లెం కావాలి. ముందుగా రిలీజ్ వాల్వును తెరిచి చేతిని పూర్తిగా దించి, దాన్ని వెనక్కు లాగే బలమైన స్ప్రింగులను జాగ్రత్తగా తప్పించాలి. ఇవి ఎగిరి కంటికి తగలగలవు కాబట్టి కళ్లద్దాలు తప్పనిసరి. తర్వాత పిన్నులు తీసి, నూనె దిమ్మ మొత్తాన్ని చట్రం నుంచి వేరు చేసి, పాత నూనెను డబ్బాలోకి వంచాలి. నూనె పాల రంగులో ఉంటే నీరు కలిసిందని, ఎర్రటి బురదగా ఉంటే తుప్పు మొదలైందని, మెరుపు పొడి కనిపిస్తే లోహం అరుగుతోందని తెలుస్తుంది. ఒక్కో భాగాన్ని తీసే ముందు ఫోనుతో ఫొటో తీసి, తీసిన వరుసలోనే పళ్లెంలో పేర్చితే మళ్లీ బిగించేటప్పుడు తికమక ఉండదు. రెండు గుండ్లు ఒకే పరిమాణంలో ఉండకపోవచ్చు; అవి దొర్లిపోతే దొరకవు, తారుమారైతే జాకీ పనిచేయదు. పెద్ద సిలిండరు నట్టు ఏళ్లనాటి బిగింపుతో ఉంటుంది కనుక దాన్ని బల్ల వైసులో పట్టి, పొడవాటి పానాతో నిలకడగా తిప్పాలి. సుత్తి, ఉలితో కొట్టి తిప్పిన నట్టు మళ్లీ సరిగా కూర్చోదు.

సీళ్లను తీయడంలోనే కొత్తవారు ఎక్కువ నష్టం చేస్తారు. స్క్రూడ్రైవరుతో పెరికినప్పుడు గాడిలో పడిన వెంట్రుకవాసి గీత చాలు, కొత్త సీలు కూడా కారడానికి. చివర చదును చేసిన వెదురు పుల్ల ఈ పనికి ఏ ఉక్కు పనిముట్టు కంటే మేలు; అది రబ్బరును లేపుతుంది, లోహాన్ని గీయదు. తీసిన సీలు ఏ వైపు తిరిగి ఉందో గుర్తించాలి, ఎందుకంటే పెదవి ఆకారపు సీలుకు తెరిచిన వైపు ఎప్పుడూ ఒత్తిడి వచ్చే వైపుకే ఉండాలి. తిరగేసి వేస్తే అది కొత్తదైనా నూనెను ఆపదు. మాడ్స్‌లే తోలు వలయానికి వర్తించిన నియమమే ఇది. పెద్ద పిస్టన్ మీది క్రోము పూతను వేలిగోటితో నిలువునా, అడ్డంగా గీకి చూస్తే, గోరు ఎక్కడా తట్టకపోతే మంచిదే. లేత తుప్పు మచ్చలుంటే 1,500 లేదా 2,000 నంబరు ఎమరీ కాగితానికి నూనె పట్టించి పిస్టన్ చుట్టూ తిప్పుతూ నునుపు చేయవచ్చు. గోరు తట్టేంత గుంటలుంటే సీలు మార్చి ప్రయోజనం లేదు, ఎందుకంటే ప్రతి కదలికకూ ఆ గుంట అంచు కొత్త రబ్బరును చెక్కుతుంది. ఆ పిస్టన్‌కు మళ్లీ క్రోము పూత వేయించాలి లేదా కొత్తది తేవాలి.

కొత్త సీళ్ల కోసం జాకీ తయారీదారు కిట్టు దొరికితే అంతకంటే సుఖం లేదు. దొరకనప్పుడు నిరాశపడనక్కరలేదు, ట్రాక్టర్లూ జేసీబీలూ తిరిగే పల్లెసీమలకు దగ్గరలోని పట్టణాల్లో బేరింగులు, ఆయిల్ సీళ్లు అమ్మే దుకాణాలు ఉంటాయి, ఆ యంత్రాల సిలిండర్లకు వాడే సీళ్లలోనే జాకీకి సరిపడేవి ఎంచుకోవచ్చు. ఇక్కడ జరిగే తప్పు ఒకటుంది: పాత సీలును చూపించి అలాంటిదే ఇమ్మని అడగడం. ఏళ్ల తరబడి నలిగిన రబ్బరు చదునై లేదా ఉబ్బి అసలు కొలత కోల్పోతుంది. కొలవవలసింది సీలును కాదు, అది కూర్చునే గాడిని. గాడి లోపలి వ్యాసం, వెడల్పు, లోతు, సిలిండరు లోపలి వ్యాసం ఈ నాలుగింటినీ వెర్నియర్ కాలిపరుతో మిల్లీమీటరులో పదో వంతు దాకా కొలిచి కాగితం మీద రాసుకుని వెళ్లాలి. కాలిపరు లేనివారు దగ్గరలోని లేతు షాపులో కొలిపించుకోవచ్చు. గాడి లోతు కంటే ఓ-రింగు మందం కొంచెం ఎక్కువ ఉండాలి, బిగించినప్పుడు అది పదో వంతు నుంచి అయిదో వంతు దాకా నలిగితేనే పట్టు వస్తుంది. పదార్థం నైట్రైల్ రబ్బరేనని అడిగి తీసుకోవాలి. నీటి పంపులకు, ప్రెషర్ కుక్కర్లకు వాడే వలయాలు చూడటానికి అచ్చం అలాగే ఉన్నా నూనెలో ఉబ్బి చెడిపోవచ్చు, అంత ఒత్తిడికి నిలవవు.

గుండ్ల గూళ్లను బాగుచేసే పద్ధతి మెకానిక్కుల విద్యలో అందమైన భాగం. గూడును శుభ్రం చేసి, కొత్త గుండును అందులో ఉంచి, దాని మీద ఇత్తడి కడ్డీ నిలిపి చిన్న సుత్తితో ఒకే ఒక్క తేలికైన దెబ్బ వేస్తే గుండు ఆకారం గూడు అంచున అచ్చుపడుతుంది, నూనె జారే సందు మూసుకుపోతుంది. ఇత్తడి ఉక్కు కంటే మెత్తన కనుక గుండు మీద మచ్చ పడదు. గట్టిగా కొడితే గూడే పాడవుతుంది. తొట్టి మూత కింద రాగి వాషర్లు ఉంటే వాటిని ఎర్రగా కాల్చి చల్లార్చి మళ్లీ వాడవచ్చు. నలిగి గట్టిపడిన రాగి కాల్చగానే మెత్తబడుతుంది. రాగి, ఇత్తడి లోహాలకున్న ఈ గుణం కంచు, ఇత్తడి పనికి పేరెన్నిక గన్న శ్రీకాకుళం జిల్లా బుడితి వంటి చోట కొత్తగా చెప్పనక్కరలేదు.

బిగించే ముందు శుభ్రత విషయంలో పట్టుదల చూపాలి. జాకీ మరమ్మతులు విఫలమయ్యేది ఎక్కువగా ఇక్కడే. షెడ్లలో చేతులు తుడుచుకునే బనియను పీలికల నూలు పోగు ఒక్కటి గుండు కింద చిక్కినా బరువు కుంగుతుంది. అందుకే లోపలి భాగాలను కొత్త డీజిలులో కడిగి, దారులను గాలితో ఊది, పోగులు రాలని గుడ్డతో తుడవాలి. నీళ్ల పైపులకు చుట్టే తెల్లటి టేపును లోపలి మరలకు చుట్టరాదు, దాని ముక్కలు తెగి ద్వారాలకు అడ్డుపడతాయి. కొత్త సీలును జాకీలో పోయబోయే నూనెలోనే ముంచి, మరల అంచులు కోయకుండా వాటికి పలుచని పాలిథిన్ కాగితం చుట్టి, దాని మీదుగా జార్చి కూర్చోబెట్టాలి.

ఇక నూనె. బ్రేకులకు పోసే నూనెను జాకీలో పోయడం ఊళ్లలో తరచుగా జరిగే పొరపాటు. రెండూ హైడ్రాలిక్ పనే చేస్తాయి కదా అన్నది దాని వెనకున్న తర్కం. బ్రేకు నూనె సాధారణంగా గ్లైకాల్ జాతి ద్రవం. అది జాకీలోని నైట్రైల్ రబ్బరును ఉబ్బించి పాడుచేస్తుంది, గాలిలోని తేమను పీల్చుకుంటుంది, అంటే మన తీరప్రాంతంలో లోపలికి నీటిని ఆహ్వానిస్తుంది. ఇంజను నూనె అంత హాని చేయదు కానీ చిక్కన, పైగా దానిలో కలిపే శుభ్రకారక రసాయనాలు నీటిని విడిపోనివ్వకుండా కలిపి ఉంచుతాయి. జాకీకి తగినది హైడ్రాలిక్ ఆయిల్. డబ్బా మీద వి.జి. 32 అని ఉంటే 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర దాని చిక్కదనం 32 ప్రమాణాలని అర్థం, చాలా ట్రాలీ జాకీలకు 22 లేదా 32 సరిపోతుంది. ఉత్తరాంధ్ర వేడికి 32 మేలు. పెద్ద పిస్టన్ పూర్తిగా లోపలికి పోయి ఉన్నప్పుడు, నూనె పోసే రంధ్రపు కింది అంచు వరకే పోయాలి. పిస్టన్ బయట ఉండగా నింపితే, అది లోపలికి వచ్చినప్పుడు తిరిగొచ్చే నూనెకు చోటులేక బిరడాలోంచి పొంగుతుంది. పాత నూనెను గెడ్డలోనో చెరువు గట్టునో పారబోయకూడదు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు వాడిన నూనెను ప్రమాదకర వ్యర్థంగానే లెక్కిస్తాయి. దాన్ని మూతపెట్టి, ఇంజను నూనె మార్చే సర్వీసు కేంద్రంలో పాత నూనెతో పాటు అప్పగించడం సరైన దారి.

చట్రం మీది తుప్పును ముందు వైరు బ్రష్షుతో, తర్వాత ఎమరీ కాగితంతో వదిలించి, రెడాక్సైడు, దాని మీద ఎనామిల్ రంగు వేస్తే చాలు. మరల తుప్పుకూ చక్రాల తుప్పుకూ లీటరు నీటిలో 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపిన ద్రావణం రాత్రంతా నానబెడితే బాగా పనిచేస్తుంది. తీశాక వంటసోడా నీళ్లతో కడిగి వెంటనే ఆరబెట్టి నూనె రాయాలి, లేకపోతే ఆ పూటకే మళ్లీ ఎర్రబడుతుంది. స్ప్రింగులను, పిస్టన్లను, గట్టి ఉక్కు పిన్నులను ఈ ద్రావణంలో వేయకూడదు, ఆమ్లం తగిలిన గట్టి ఉక్కు పెళుసు బారే ప్రమాదం ఉంది.

రంగు కంటే చక్రాల మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. ట్రాలీ జాకీ చేయి వెనక చివర కీలు మీద తిరుగుతుంది కనుక దాని కొన నిటారుగా కాక వంపు తిరిగిన దారిలో లేస్తుంది. బండి కదలకుండా ఉండాలంటే కింద జాకీయే ఆ మేరకు ముందుకు దొర్లాలి. చక్రాలు తుప్పుతో బిగుసుకుపోయినా, జాకీ మట్టి మీద ఉండి చక్రాలు కూరుకుపోయినా అది దొర్లలేదు. అప్పుడు బరువు ఆనిన పళ్లెం బండి అడుగున జారడం మొదలుపెడుతుంది. ఇళ్ల ముందు మట్టి వాకిళ్లు ఎక్కువగా ఉన్న మన పల్లెల్లో ట్రాలీ జాకీ ప్రమాదాలకు ఇది ముఖ్యమైన కారణం కాగలదు. సిమెంటు గచ్చు లేనప్పుడు మందపాటి ఇనుప రేకు పరిచి దాని మీద పని చేయాలి, చక్రాల ఇరుసులకూ పిన్నులకూ గ్రీజు పెట్టి, చేత్తో తోస్తే తేలికగా దొర్లేలా చూసుకోవాలి.

కొత్త నూనె పోశాక లోపల చిక్కిన గాలిని వెళ్లగొట్టాలి. రిలీజ్ వాల్వు తెరిచి ఉంచి హ్యాండిల్‌ను పదిపదిహేనుసార్లు పూర్తిగా పైకీ కిందికీ ఆడిస్తే గాలి తొట్టిలోకి, అక్కడి నుంచి కాస్త వదులు చేసిన బిరడాలోంచి బయటికి పోతుంది. తర్వాత వాల్వు బిగించి, బరువు లేకుండా చేతిని చివరికంటా లేపి దించి, నూనె మట్టం మళ్లీ సరిచూడాలి. పరీక్షకు మొదట బండిని చక్రం నేల వదిలేంత మాత్రమే ఎత్తి, ఎదుటి చక్రాలకు ముందూ వెనకా అడ్డుదిమ్మలు వేసి, ఎత్తిన చోట రెండు వేళ్ల దిగువన ఇనుప స్టాండు పెట్టాలి. బండి అంచు ఎత్తును పక్కనున్న కర్ర మీద సుద్దతో గీసి అరగంట వదిలేస్తే, గీత దగ్గరే అంచు నిలిచి ఉంటే సీళ్లూ గుండ్లూ సరిగా కూర్చున్నట్లే. మిల్లీమీటర్లు తగ్గితే మళ్లీ విప్పాలి; నిదానంగా కుంగేది రేపు ఒక్కసారిగా కుంగదన్న హామీ లేదు. గీత దగ్గరే నిలిచిన జాకీ అయినా సరే, అది ఎత్తడానికి మాత్రమే. ఎత్తిన బరువును మోయవలసింది స్టాండ్లు. ఇటుకలు, సిమెంటు దిమ్మలు పైనుంచి చూస్తే గట్టివిగానే కనిపిస్తాయి కానీ ఒకచోట పడే భారానికి ముందస్తు సూచన లేకుండా చిట్లుతాయి కనుక వాటిని స్టాండ్లకు బదులుగా వాడకూడదు. ఈ ఒక్క నియమాన్ని పాటించకపోవడం వల్ల పోయేది జాకీ కాదు, ఒక ఇంటి దీపం.

పని ముగిశాక చేతిని పూర్తిగా దించి, పిస్టన్ లోపలికి పోయి క్రోము పూత గాలికి తగలకుండా ఉంచి, రిలీజ్ వాల్వును కొద్దిగా వదులు చేసి, నేల తేమ అంటకుండా చెక్కపలక మీద పెట్టి గోనెపట్టా కప్పాలి. నూనె మార్చిన నెల, సంవత్సరం చట్రం పక్కన పెయింటుతో రాసి ఉంచితే, ఏటా అక్టోబరు తుపాన్ల కాలం దాటాక బిరడా తెరిచి నూనె రంగు చూసుకోవడం గుర్తుంటుంది.